నువ్వెప్పుడు తింటావు?

వేసవి సెలవుల్లో మా ఇంటికి ఇద్దరు విదేశీయులు దిగారు. విదేశీయులంటే మరెవరో అనుకొనేరు! ఇద్దరూ మా వాళ్లే. ఒకామె మా పెద్దమ్మ కూతురు. ఇరవై యేళ్లుగా అమెరికాలో, న్యూజెర్సీలో వుంటోంది. రెండో ఆమె మా మేనమామ కూతురు, నాకు వదిన. పారిస్ దగ్గర కాపురం. మా మైలవరంలో మామిళ్ల రోజులు గనుక ఇంట్లో బంగినపల్లి పళ్లు మగ్గుతున్నాయి. కొత్త ఆవకాయ జాడీలోకి ఎక్కింది. ఇద్దరూ మన తిండికి మొహం వాచినవాళ్లే గదా, ఒకటే వంట ఇద్దరికీ సరిపోతుందని ధీమాగా వున్నాను.

ఆ ధీమా మొదటి రోజే సడలింది.

అక్కకు తిండికి వేళంటూ లేదు. కాఫీ గ్లాసుతో అరుగు మీద తిరుగుతూ సగం ఇడ్లీ తింటుంది. పదింటికి గుప్పెడు జీడిపప్పు, మరో గంటకు మామిడి ముక్క. తీరా అందరూ భోజనాలకు కూర్చుంటే, “నాకు ఆకలి లేదే” అంటుంది. పైగా ఆవకాయ మీద తేలిన నూనె చూసి, “ఇందులో ఎన్ని క్యాలరీలుంటాయి?” అని నన్నడిగింది. తెలుగు ఎమ్మే చదివినదాన్ని, పద్యానికి గణవిభజన చేయగలను గాని ఆవకాయకు క్యాలరీలు ఎక్కడ కట్టను!

వదిన తీరు వేరు. పదకొండింటికి వేడివేడి పెసరట్టు ఇవ్వబోతే, “భోజనం వేళవుతోంది గదా, వద్దు” అంది. ఒంటిగంటకు మాత్రం కుదురుగా కూర్చుని, అన్నీ కొంచెం కొంచెంగా, నెయ్యి కూడా మానకుండా, ముప్పావుగంట తిన్నది. మళ్లీ రాత్రిదాకా మంచినీళ్లే.

మూడో రోజున ఇద్దరికీ వాదం వచ్చింది.

“మా దగ్గర కూర్చుని తినే తీరికెవరికి? కారులో కాఫీ, కంప్యూటరు ముందు భోజనం. పొట్లం మీద పోషకాల లెక్క అచ్చువెయ్యాలని 1990లో చట్టమే చేశారు. ఆ లెక్క చూసుకొని తినడమే” అంది అక్క.

“మా దగ్గరా చట్టం వుంది. పనిచేసే చోటే కూర్చుని భోజనం చేయకూడదని! కరోనా మూలంగా 2021లో సడలించారు గాని, అంతకుముందు గట్టి నియమమే. నలుగురూ కలిసి చేసే ఫ్రెంచి విందును 2010లో యునెస్కో వారసత్వ సంపదల్లో చేర్చింది కూడా” అంది వదిన.

అక్క ఒక్కతే అమెరికా కాదు, వదిన ఒక్కతే ఫ్రాన్సూ కాదు. అయినా ఫ్రెంచివారు తిండికీ పానీయాలకూ రోజుకు రెండు గంటలకు పైగా వెచ్చిస్తే, అమెరికన్లు గంటలో ముగిస్తారని లెక్కలున్నాయి. అమెరికాలో పెద్దవాళ్లలో నూటికి 40 మంది స్థూలకాయులైతే, ఫ్రాన్సులో 20 మంది కూడా లేరు.

నేను వంటింటి గుమ్మంలో తీర్పరిలా నిలబడి నవ్వుతున్నాను. వదిన హఠాత్తుగా నావైపు తిరిగి, “మేం వచ్చి మూడు రోజులైంది. నువ్వు అన్నం తినగా నేను చూడలేదు. నువ్వెప్పుడు తింటావు?” అంది.

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నిజమే, ఎప్పుడు తింటున్నాను? కాలేజీ వున్న రోజుల్లో క్యారేజీలు సర్దుతూ మాడిన అట్టు ముక్క. రాత్రి గిన్నె అడుగున మిగిలిన కూరతో గట్టు దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు. పారబోయడానికి మనసొప్పక, పిల్లలు వదిలేసిన పెరుగన్నం. మా అమ్మా అంతే. అమ్మ అన్నానికి కూర్చున్నప్పుడు కూర గిన్నె నిండుగా వుండగా నేనెన్నడూ చూడలేదు.

అంతకు నెల ముందే డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, “ఎనిమిదిన్నరే వుంది, పాఠాలెలా చెబుతున్నారండీ?” అని ఐరన్ మాత్రలు రాసింది. అన్నం తిన్న వెంటనే కాఫీ తాగితే ఇనుము సరిగా వంటబట్టదని కూడా చెప్పింది. నా ఒక్కదాని కథ కాదిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 యేళ్ల ఆంధ్ర స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత వున్నట్లు తేలింది. దానికి కారణాలు అనేకం. అందులో నా చేతిలో వున్నదొకటి, నేను తినే తీరు.

అయినా ఆ రాత్రి జరిగింది చూడకపోతే నేను మారేదాన్ని కాదేమో. ఇంటర్ చదివే మా అమ్మాయి కంచంలో కాస్త పప్పన్నం పెట్టుకొని వచ్చి, నా పక్కనే గట్టుకు ఆనుకొని నిలబడింది.

“లోపల అందరితో కూర్చోవే.”

“కూర తక్కువగా వుందమ్మా. నాన్నా తమ్ముడూ తిననీ.”

నా గుండె జల్లుమంది. ఈ పాఠం దానికి ఏ పుస్తకమూ చెప్పలేదు. నన్ను చూసే నేర్చుకొంది.

మర్నాటి నుంచి గిన్నెలన్నీ మధ్యన పెట్టుకొని అందరం ఒక్కసారే కూర్చుంటున్నాం. మొదటి రోజు మావారు అలవాటు చొప్పున “మజ్జిగ” అంటూ వంటింటివైపు చూశారు. నేను పక్కనే కూర్చున్నానని గ్రహించి, తామే లేచి తెచ్చారు. అక్క కూడా జీడిపప్పు డబ్బా మూత పెట్టి వచ్చి కూర్చుంది.

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. మొన్నటి పరీక్షలో నా రక్తం పది దాటింది. అది మాత్రల గుణమే అంది డాక్టరమ్మ. కాదనలేదు.

ఇప్పటికీ ఒక్కోరోజు కూర చాలదు. అప్పుడు అందరికీ కొంచెం కొంచెం తగ్గుతుంది, అంతే.