నారుమడి ఒక్కటే

మద్రాసు తెలుగు ఇళ్లలో పెళ్లిమాటలు ఒకప్పుడు గోత్రంతో మొదలయ్యేవి. ఇప్పుడు ఫోటోతో మొదలవుతున్నాయి. మా మేనల్లుడికి ఇరవై ఆరేళ్లు. పాత మహాబలిపురం రోడ్డులో కంప్యూటర్ ఉద్యోగం. బుద్ధిమంతుడు, జీతం బాగుంది. నుదురు మాత్రం ఏటికేడూ వెనక్కి జరుగుతోంది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నాక ఒకనాడు పశ్చిమ మాంబళంలోని మా ఇంటికి వచ్చి, "మామయ్యా, పెళ్లికి ముందే జుట్టు నాటించుకుంటాను, అమ్మకు మీరు నచ్చజెప్పండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కెమెరా అంతా నెత్తిమీదే ఉంటుంది" అన్నాడు.

మా అక్కయ్యకు కత్తి అంటే భయం, మాత్రలతో కానిద్దామంటుంది. వాడికి మాత్రలంటే భయం, మగతనం దెబ్బతింటుందని ఎవరో చెప్పారట. నలభై దాటకముందే నడినెత్తి బయటపడినవాణ్ణి గనుక మా ఇంట్లో ఈ విషయానికి పెద్దదిక్కును నేనే. ముగ్గురం కలిసి ఒక చర్మవ్యాధుల వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆమె చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఈ తగవు మీ ఇళ్లలోనూ ఉండవచ్చు.

మందులు ముఖ్యంగా రెండు. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వచ్చిన మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒంటినిండా వెంట్రుకలు పెరగడం చూసి, దాన్నే తలకు రాసుకునే ద్రవంగా తయారుచేశారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ ప్రోస్టేట్ గ్రంథి వాపుకు 1992లో వచ్చింది. అదే మందు 1 మిల్లీగ్రాము మోతాదులో 1997 నుంచి మగవారి బట్టతలకూ వాడుతున్నారు. టెస్టోస్టెరాన్ మరో రూపంలోకి మారి, వంశగుణం ఉన్న కుదుళ్లను సన్నబరుస్తుంది. ఆ మార్పును ఈ మాత్ర చాలావరకు అడ్డుకుంటుంది. రెండింటికీ గుణం కనబడాలంటే నెలలు పడుతుంది. మానేస్తే నిలిచిన జుట్టు కూడా ఏడాది లోపల మళ్లీ రాలిపోతుంది. పది రోజులు వాడి వదిలేసే జ్వరం మందు కాదిది.

ఇక నాటడం. జపానులో షోజి ఒకుడా 1939లోనే వెంట్రుకల కుదుళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాడు. తల వెనక జుట్టును ఎక్కడ నాటినా తన గుణం మార్చుకోదని న్యూయార్కు వైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రకటించాడు. నేటి శస్త్రచికిత్సకు పునాది అదే. మా వైద్యురాలు తమిళురాలు. "నాట్రు" అంటూ వరినాట్లతో పోల్చి చెప్పింది. నెల్లూరు పొలాలు ఎరిగిన మా అక్కయ్యకు వెంటనే బోధపడింది. తల వెనకభాగం నారుమడి. పీకినచోట మళ్లీ మొలవదు, మడి మరొకటి లేదు.

ఆ తర్వాత ఆమె చెప్పినది మేం ఎవరం ఆలోచించనిది. నాటడం వల్ల మిగతా జుట్టు రాలడం ఆగదు. ఇరవై ఆరేళ్లకే నారంతా ముందు వరుసకు పోసేస్తే, నలభై ఏళ్లకు నడినెత్తి ఖాళీ అయినప్పుడు ముందున్న జుట్టు ఏటి మధ్య లంకలా మిగులుతుంది. అప్పుడు నాటుదామంటే నారు ఉండదు. అందుకే చాలామంది వైద్యులు ముందు మందులతో రాలడాన్ని నిలబెట్టి, బట్టతల ఎంతవరకు పోతుందో తేలాక నాటమంటారు. నాటాక కూడా మందు మానవద్దంటారు. ఇది కావాలా అది కావాలా అని మేం కొట్లాడుకుంటుంటే, ఆమె ఏది ముందు ఏది వెనక అని చెప్పింది.

పైగా నాటిన వెంట్రుకలు కొద్ది వారాలకే చాలావరకు రాలిపోతాయట. కుదురు లోపల బతికే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తుంది, నిండుగా కనబడటానికి ఏడాది. వైశాఖంలో నాటించుకుంటే శ్రావణంలో పీటలమీద ఇప్పటికంటే పలచగా కూర్చోవాలి. వాడు వేళ్లమీద లెక్కపెట్టుకుని ఊరుకున్నాడు.

మాత్ర గురించి వాడి భయాన్నీ ఆమె కొట్టిపారేయలేదు. కొద్దిమందిలో కోరిక తగ్గుతుంది. ఎక్కువమందికి మానేస్తే సర్దుకుంటుంది, మానినా బాధ పోలేదన్నవాళ్లూ ఉన్నారు. అరుదుగా మనసు కుంగుతుంది. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్ర దుష్ఫలితాల్లో ఒకటని యూరప్ ఔషధ సంస్థ 2025లో నిర్ధారించింది. గర్భిణులు విరిగిన మాత్రను తాకకూడదు. పెళ్లి చేసుకోబోయేవాడు ఇవన్నీ తెలుసుకునే మొదలుపెట్టాలి.

కత్తి సంగతీ అంతే. ఈ ఊళ్లోనే 2016 మేలో మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థి ఒకరు జుట్టు నాటించుకున్నాక ప్రాణం పోగొట్టుకున్నాడు. వైద్యం చదువుతున్న పిల్లవాడు! శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న వైద్యులే ఈ పని చేయాలనీ, వీడియోలు చూసి నేర్చుకుంటే చాలదనీ జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పవలసి వచ్చింది. భర్తృహరి చెప్పిన ఖర్వాటుడు ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు చేరితే పండు నెత్తిన పడింది. నీడకు వెళ్లడం తప్పు కాదు, పైన ఏముందో చూసుకుని వెళ్లాలి. మత్తు ఎవరిస్తారు, కుదుళ్లు ఎవరు తీస్తారు, ఊపిరి కష్టమైతే ఏమి ఏర్పాటుంది అని డబ్బు కట్టకముందే అడగాలి.

చివరికి మావాడు ఎవరి మాటా పూర్తిగా వినలేదు. కాబోయే భార్యకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పాడు. ఆ అమ్మాయి, "జుట్టు నేను ఫోటోలో చూసిందే కదా. మాత్ర మాట మాత్రం పెళ్లయ్యాక ఇద్దరం కలిసి అడుగుదాం" అందట. ఇప్పుడు రోజూ పొద్దునా రాత్రీ మినాక్సిడిల్ రాసుకుంటున్నాడు. కొత్తగా వచ్చింది అంతంతమాత్రం, రాలడం మాత్రం తగ్గింది. ముప్పై దాటాక నాటే సంగతి చూద్దామంటున్నాడు. నారుమడి ఇంకా భద్రంగానే ఉంది.