శిబిరమునకు దగిన కత్తి

కత్తి యనగానే అది పురుషుల వస్తువని మన సోదరీమణులలో పెక్కండ్రు తలంతురు. అమరకోశమును తెఱచి చూచిన ఈ తలంపు నిలువదు. శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక అని చిన్నకత్తికి నాలుగు పేర్లందు గలవు. నాలుగును స్త్రీలింగములే. అసిపుత్రి యనగా ఖడ్గమునకు కూతురు. బాల్యమున మా తండ్రిగారియొద్ద ఈ పదములు వల్లించునపుడు మాకు నవ్వు వచ్చెడిది. ఇప్పుడు మా కూతురి చేతికే కత్తి నీయవలసిన కాలము వచ్చినది గాన ఈ విషయమును నిదానముగా నాలోచింపవలసి వచ్చినది.

మా వారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. ఏటేట కార్తీకమాసమున పిల్లలను వెంటబెట్టుకొని మారేడుమిల్లి యడవులవైపు మూడుదినముల శిబిరమునకు బోవుదురు. గుడారములు వేయుట, పుల్లలేఱుట, కూరలు తఱుగుట అంతయు పిల్లల పనియే. ఈ యేడు ఆ మాట యెత్తగానే ఆడపిల్లల తల్లులు వెనుకాడిరి. దానికి కారణము లేకపోలేదు. నిరుటి కార్తీకములో మా వీధి బాలిక యొకతె తన బంధువులతో వనభోజనమునకు బోయి, మడతచాకుతో త్రాడు కోయుచుండెను. చాకు ఉన్నట్టుండి మడతపడి ఆమె చూపుడువ్రేలి లోపలివైపు తెగినది. చూచుటకు చిన్నగాయమే. ఎవరో కాఫీపొడి యద్ది గుడ్డ చుట్టిరి. కొన్నిదినములకు గాని వ్రేలు వంగుటలేదని తెలియలేదు. వ్రేలిని వంచు స్నాయువు తెగినదనియు, ఆలస్యమైన కొలది దానిని కుట్టుట కష్టమనియు వైద్యులు చెప్పిరి. శస్త్రచికిత్స జరిగినను ఆ వ్రేలు నేటికిని పూర్తిగా వంగదు.

“ఆడపిల్లలకు అడవులేల? కత్తులేల?” అని తల్లులడిగిరి. ఆ ప్రశ్నలోని భయము మాకు తెలియును. మాకును పదునాలుగేండ్ల కూతురున్నది. అయినను ఆ వ్రేలు తెగుటకు కారణము ఆడుపిల్ల గాదు, అడవియును గాదు. గట్టి పట్టులేని మడతకీలు కారణము. మడతలేని కత్తి మడతపడదు. ఏడేండ్లనుండి కత్తిపీటముందు కూర్చుండి వంకాయలు తఱిగిన పిల్లను కత్తి పట్టరాదనుట వింతగానున్నది. తగిన కత్తి నెన్నుకొని, దాని నడక నేర్పి పంపుటయే మంచిదని మాకు దోచినది.

మేమును మా వారును అంగడికి బోతిమి. అంగడివాడు మూరెడు కత్తి నొకదానిని మా వారి చేతిలో బెట్టెను. దాని వెన్నున ఱంపపు పండ్లు; పిడి గొట్టమువలె డొల్ల; పిడి చివర దిక్సూచి. మా వారు చిన్నపిల్లవానివలె సంతోషించి, “చూచితివా, దారి తప్పినను భయములేదు” అనిరి. “దారి తప్పినచోట వంకాయలెవరు తఱుగుదురండీ?” అంటిమి. ఆయన నవ్వి దానిని మరల నచ్చటనే యుంచిరి. పిడి డొల్లయైనపుడు అలుగు పైమూతికే యతుకబడియుండును. పుల్లలు చీల్చునపుడు బరువంతయు నా యతుకుమీదనే పడును.

కావున మొదట జూడవలసినది పిడిలోపలి సంగతి. అలుగును, పిడిలోనికి బోవు ఇనుమును ఒకే ముక్కగా నుండి, ఆ యినుము పిడి చివరవరకు సాగి, ఇరువైపుల చెక్కలు మేకులతో బిగింపబడి యుండిన కత్తి చిరకాలము నిలుచును.

రెండవది కొలత. కూర తఱుగుట, త్రాడు కోయుట, పండ్ల తొక్క తీయుట, సన్నపుల్లలు చీల్చుట – ఇన్నిటికిని 4 మొదలు 5 అంగుళముల అలుగు చాలును. వెన్ను మందము 3 మిల్లీమీటర్లకు మించనక్కఱలేదు. మిక్కిలి మందమైన కత్తి దోసకాయను కోయదు, పగులగొట్టును. వెదురు నరకుట మచ్చుకత్తి పని; ఆ పని చిన్నకత్తికి జెప్పరాదు. వాదర ఒకప్రక్కనే యుండవలెను. రెండుప్రక్కల పదునున్న బాకుకు వెన్నుండదు గనుక దానిపై బొటనవ్రేలుంచి యదుముటకు వీలులేదు. ఱంపపు పండ్లకు ఇంటి సానరాయిపై పదును పెట్టుట సాధ్యము గాదు.

మూడవది ఉక్కు. తుప్పుపట్టని ఉక్కులో క్రోమియము నూటికి సుమారు 10.5 పాళ్ళకు తక్కువ గాకుండ నుండును. ఇంగ్లండులోని షెఫీల్డునగరమున హారీ బ్రియర్లీ యనునాయన 1913లో దానిని తయారుచేసిన పిమ్మటనే అది వంటయిండ్లకు వ్యాపించెను. నిమ్మకాయ కోసినను, మంచులో నానినను దానికి భయములేదు. సాధారణపు ఉక్కు సానపై తేలికగా పదునెక్కును గాని పులుపు తగిలిన నల్లబడును, తడి తగిలిన తుప్పుపట్టును. తుడిచి కొబ్బరినూనె రాయు నోపిక గలవారి కదియే మేలు. అది మన నేలకు క్రొత్త గాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మన కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కును ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు.

నాలుగవది పిడి. ఇత్తడిపిడి చూపునకు బాగుండును, నూనెచేతిలో జాఱును. చేయి తడిపి పట్టి చూడవలెను. మగవారి చేతికి సరిపోయిన పిడి మన చేతికి లావు కావచ్చును. వ్రేళ్ళు అలుగుమీదికి జాఱకుండ పిడి మొదట చిన్న గుబ్బయో, నొక్కో యుండవలెను.

అంగడిలో మాకు దగినది దొరకలేదు. మా యూరి కమ్మరి తాత లారీ కమానుపట్టీ ముక్కను కాల్చి సాగగొట్టి రూపు దీర్చెను. మరల నెఱ్ఱగా కాల్చి నూనెలో జల్లార్చెను. అట్లు చల్లార్చిన ఉక్కు గాజువలె పెళుసుగానుండునట; కొంచెము వేడిచేసి ఆ పెళుసుదనమును దీసెను. పిడికి తుమ్మచెక్క వేసెను. ఆ కత్తిని జూచుటకు వ్రేలు తెగిన బాలిక తల్లితో గూడ వచ్చెను. చాలసేపు దూరముగానే నిలుచుండి, తుదకు చేయి చాచెను. మూడువ్రేళ్ళు పిడిని చుట్టుకొన్నవి. వంగని చూపుడువ్రేలు తిన్నగా అలుగు వెన్నుపై నిలిచినది. తాత చూచి, “అమ్మా, ఆ వ్రేలికి వెన్ను గుచ్చుకొనునేమో, ఉండుము” అని ఆకురాయితో వెన్ను అంచులను నునుపుగా గుండ్రపఱచి యిచ్చెను. ఆమె యొక దోసకాయను చక్రములుగా గోసినది. తల్లి కన్నులొత్తుకొని, “మా పిల్లపేరును వ్రాసికొనుడమ్మా” అన్నది.

పంపుటకు ముందు పిల్లలకు మేము నేర్పిన నియమములివి. కత్తిపీటయందు కత్తి కదలదు, కూర కదలును. చేకత్తియందు కత్తియే కదలును. కావున వాదర యెప్పుడును మనకు దూరముగా సాగవలెను. తొడపై నుంచుకొని యేదియు గోయరాదు. లోతొడలో పెద్ద రక్తనాళమున్నది. చేయి చాచి చుట్టు త్రిప్పిన మేర నెవ్వరును ఉండరాదు. కత్తిని చేతికీయక క్రిందనుంచవలెను, రెండవవారు తీసికొందురు. పని ముగియగానే తుడిచి ఒరలో బెట్టవలెను. తలక్రిందుగా బట్టినను కత్తి జాఱిపడనిదే మంచి ఒర. తోలు ఒర తడిని దాచుకొనును గనుక ఇంటికి రాగానే కత్తిని దానినుండి తీసివేయవలెను.

తెగినచో పసుపు, కాఫీపొడి వలదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నదిమి, చేయి పైకెత్తి పట్టుకొనవలెను. రక్తము ఆగిన పిమ్మట వ్రేలు వంగుచున్నదా, స్పర్శ యున్నదా యని చూడవలెను. రెండింటిలో నేది లోపించినను ఆనాడే వైద్యునియొద్దకు బోవలెను. ధనుర్వాతపు సూదిమందు మాటయు నడుగవలెను.

1959నాటి ఆయుధచట్టపు నిబంధనలను గూడ గుర్తుంచుకొనదగును. గృహకృత్యములకు, వ్యవసాయమునకు, శాస్త్రపరిశ్రమలకు ఉద్దేశింపబడని కత్తుల అలుగు 9 అంగుళముల పొడవునుగాని 2 అంగుళముల వెడల్పునుగాని మించిన, అవి ఆయుధములలో లెక్కింపబడును. మన 4 అంగుళముల కత్తికి ఆ చిక్కు లేదు. అయినను బస్సులో దానిని ఒరతోగూడ సంచి యడుగున నుంచుటయే మర్యాద. విమానమున చేతిసంచిలో దీసికొనిపోనీయరు.

కార్తీకము సమీపించుచున్నది. ఉసిరిచెట్టు క్రింద విస్తళ్ళు వేయుటకు ముందు, మీ సంచిలోని చాకు నొకమారు తీసి చూడుడు. దాని కీలు వదులైయున్నచో, పిల్లల చేతికి జిక్కకముందే దానిని ప్రక్కకు బెట్టుడు.