వెండి పెట్టెలో మహానుభావుడు

భక్తి ముదిరితే మనవాళ్ళు ఏం చేస్తారండీ? నూటెనిమిది కొబ్బరికాయలు కొడతారు, మోకాళ్ళమీద మెట్లెక్కుతారు. గోవాలో ఓ పోర్చుగీసు ఇల్లాలు ఇంకో అడుగు ముందుకేసింది. 1554లో ఓ మహాత్ముడి పార్థివ దేహాన్ని దర్శనానికి ఉంచితే, పాదం ముద్దు పెట్టుకోవడానికన్నట్టు వంగి కాలివేలు కొరికి పట్టుకుపోయిందిట. అక్కడివాళ్ళు ఈనాటికీ ఆ కథ చెప్పుకుంటారు.

ఆ పాదం సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్‌ది. 1552 డిసెంబరు 3న చైనా తీరం దగ్గర ఓ దీవిలో పోయారాయన. త్వరగా ఎముకలు మిగిలితే తీసుకెళ్ళడం సులువని సున్నం వేసి పూడ్చారు. నెలల తర్వాత తవ్వి చూస్తే దేహం చెడలేదన్నారు. మలక్కా మీదుగా గోవా చేర్చారు.

అంతటితో ఆయన్ని నిద్రపోనిచ్చారా? 1614లో కుడి ముంజేయి తీసి రోముకు పంపారు. అది అక్కడి జేసు చర్చిలో ఉంది. 2018లో దాన్ని కెనడా తీసుకెళ్ళినప్పుడు విమానంలో దానికోసం ప్రత్యేకంగా ఓ సీటు కొన్నారు! బతికుండగా ఓడల్లో పడి తిరిగిన చెయ్యి అది. ఇక ఆయన తల కింద ఉంచిన దిండు తనకిచ్చారని, ఇటలీలోని టస్కనీ ప్రభువు మూడో కోసిమో పాలరాతి సమాధి చెక్కించి పంపాడు. శిల్పి ఫొజ్జీనికి పదేళ్ళు పట్టింది. 1698లో గోవాలో నిలబెట్టారు. పవిత్ర అవశేషాలు అమ్మడం చర్చి చట్టం ప్రకారం నిషేధం. ఇది అమ్మకం కాదులెండి, ఇచ్చిపుచ్చుకోవడం.

మేం గోవా వెళ్ళినప్పుడు మా అత్తగారు కూడా వచ్చారు. బామ్ జీసస్ చర్చిలో ఆ సమాధి మీద, గోవా కంసాలులు 1637 నాటికి పూర్తిచేసిన వెండి పేటిక ఉంటుంది. మెడెత్తి చూడాలి.

"అమ్మాయ్, అందులో ఉన్నది నిజంగా మనిషేనా?"

"అవునండీ."

ఆవిడ గబుక్కున కొంగు దగ్గరికి లాక్కున్నారు. "అయితే బసకెళ్ళి తలస్నానం చెయ్యాలేమో!"

తప్పులేదు. మన ఇళ్ళల్లో అస్థికలు గడప దాటి లోపలికి రావు. చెట్టుకి కట్టి, గోదాట్లో కలిపేదాకా మనసు నిలవదు. పోయినవాళ్ళకి దారి వదలడమే మన ప్రేమ. అయినా మన నేల ఎప్పుడూ ఇలాగే ఉందా? ఇప్పటి బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో రాతి పేటికలు దొరికాయి. లోపల స్ఫటిక భరిణె, అందులో చిన్న ఎముక ముక్క. ఈ మాట చెబితే, "అది బుద్ధుడిదే!" అన్నారు మా అత్తగారు, బుద్ధుడికి మైల ఉండదన్నట్టు.

క్యాథలిక్ సంప్రదాయంలో వీటికి తరగతులు చెబుతారు. దేహభాగమైతే మొదటిది, ఆయన వాడిన వస్తువు రెండోది, వాటికి తాకించిన గుడ్డలాంటివి మూడోది. అది చదివినప్పుడు నాకు మా ఇంటి బీరువా గుర్తొచ్చింది. మా మామగారు పోయి పదకొండేళ్ళు. కాడ విరిగిన ఆయన కళ్ళజోడు పాత పట్టుచీర మడతలో ఉంది. శుక్రవారం శుక్రవారం అత్తగారు దాన్ని తీసి చెంగుతో తుడిచి, అద్దాల్లోంచి ఓసారి చూసి, మళ్ళీ పెట్టేస్తారు. ఓసారి మా అబ్బాయి అది పెట్టుకుని తాతయ్యలా దగ్గాడు. ఎన్నడూ వాణ్ణి పల్లెత్తు మాటనని మనిషి, ఇల్లదిరేలా కేకేశారు. తర్వాత ఓ మూల కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ కళ్ళజోడుకి వెండి పేటిక ఒక్కటే తక్కువ.

తరగతుల సంగతి చర్చి మెట్లు దిగుతూ ఆవిడకి చెప్పాను. కళ్ళజోడు మాట నేనెత్తలేదు. ఆవిడ కాసేపు ఊరుకుని, "కుడిచెయ్యి రోములో ఉంటే, ఇక్కడికొచ్చిన వాళ్ళని ఏ చేత్తో దీవిస్తాడే పాపం?" అన్నారు.

సాయంత్రం బసకొచ్చాక నేను వేణ్ణీళ్ళు తోడి ఉంచాను. ఆవిడ కాళ్ళు మాత్రం కడుక్కుని వచ్చి, "కాఫీ ఉందా?" అన్నారు.