గుడ్డలా, డైపర్లా?

మా మనుమరాలికి ఏడాదిన్నర నిండినది. దేవుని దయవలన ఆరోగ్యముగా ఉన్నది, ఇల్లంతా పరుగులు తీస్తున్నది. ఈ పిల్ల విషయమై నాకును మా కోడలికిని కొంతకాలము ఒక చర్చ నడిచినది. పిల్లకు పాతచీర గుడ్డలు కట్టాలా, లేక దుకాణములో దొరికే డైపర్లు వేయాలా అని. చిన్న సంగతే. అయినను స్త్రీల కూడికలో అడిగితే ఇంటింటా ఇదే మాట ఉన్నదని తెలిసినది. గనుక సహోదరీలారా, మేము ఏమి ఆలోచించితిమో వ్రాస్తున్నాను.

మా కోడలు రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. ఉదయము ఆరు గంటలకే ఆటో వస్తుంది. పగలంతా పిల్ల నా దగ్గరే. నేను నా ముగ్గురు పిల్లలను గుడ్డలతోనే పెంచాను గనుక నా మనస్సు అటే ఉన్నది. కోడలు మాత్రము, "అత్తయ్యగారూ, ఆ ఉతుకుడంతా ఎవరు ఉతుకుతారు? మీ మోకాళ్ల సంగతి చూచుకోండి" అన్నది. ఆమె మాటలో న్యాయమున్నది. గుడ్డలకు ఖర్చు లేదని మనము తేలికగా అనేస్తాము. ఖర్చు ఎందుకు లేదు? ఇంటిలో ఒక స్త్రీ నడుము ఖర్చవుతుంది. దానిని ఎవరూ లెక్క వ్రాయరు, అంతే.

డైపర్ల లెక్కయితే కాగితము మీద కనబడుతుంది. రోజుకు 4 చొప్పున నెలకు 120. ఒక్కొక్కటి 10 రూపాయలు వేసుకున్నా 1,200 రూపాయలు. రోజు కూలితో బ్రతికే ఇంటికి అది బియ్యము, పప్పు సొమ్ము.

డైపరులో ఏమున్నదో కూడ తెలుసుకున్నాను. లోపల కలప గుజ్జు, దానిలో సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి, బయట ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఆ పొడి తడిని పీల్చుకొని నానబెట్టిన సగ్గుబియ్యమువలె ఉబ్బుతుంది. అమెరికాలో పాంపర్స్ 1961లో వచ్చినప్పుడు ఈ పొడి లేదు. 1980లలోనే డైపర్లలో వాడుకలోకి వచ్చినది. దీనివలననే పిల్ల రాత్రంతా తడి తెలియక నిద్రపోతుంది. పగలంతా పనిచేసి వచ్చిన తల్లికి ఆ నిద్ర ఎంత విలువైనదో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే దాని మంచితనములోనే ఒక చిక్కు ఉన్నది. పైకి పొడిగా కనబడుతుంది గనుక మనము మార్చము. తొడల సందులలో చర్మము ఒరుస్తుంది. తడి గుడ్డ అలాగే ఉంచినా ఒరుస్తుంది, ఆ మాటా చెప్పాలి. రెంటికీ మందు ఒక్కటే: రెండు మూడు గంటలకొకసారి మార్చి, నీళ్లతో కడిగి, కాసేపు గాలికి వదిలి, కొంచెము కొబ్బరినూనె రాయుట. పౌడరు చల్లవద్దు. ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోనికి పోతుంది. ముడతలలో ఎర్రగా కంది, చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచి, రెండు మూడు రోజులకు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇక వాడిన తరువాత సంగతి. మా ఊరి కాలువగట్టు వెంబడి నడచి చూడండి, ఎన్ని డైపర్లు తేలుతుంటాయో! ఆ నీరే పశువులు త్రాగుతున్నవి. కొందరు చెత్తలో వేసి కాలుస్తారు. ప్లాస్టిక్ పొగ పీల్చేది మళ్లీ మన పిల్లలే. 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన ఘన వ్యర్థాల నిబంధనలలో వాడిన డైపరును గట్టిగా చుట్టి చెత్తబండికి ఇవ్వాలని ఉండినది. చుట్టకముందు లోపలి మలమును మరుగుదొడ్డిలో వేయాలి. చంటిబిడ్డ దొడ్డికి దోషమేమిటని పెద్దవాళ్లు అంటారు. విరేచనాల క్రిములు దానిలోను ఉంటాయి. గుడ్డలకూ ఇదే నియమము. చేతిపంపు దగ్గరగాని కాలువరేవులోగాని జాడించకూడదు.

గుడ్డలు భూమికి మేలని కొందరు ఊరకనే అంటారు. 2008లో బ్రిటన్‌లో ప్రచురించిన అధ్యయనములో తేలినదేమంటే, గుడ్డలను యంత్రముతో ఆరబెట్టితే ఆ మేలు పోతుంది. యంత్రము నిండుగా వేసి ఉతికి, ఆరుబయట తీగెమీద ఆరవేసి, రెండవ బిడ్డకు కూడ వాడితే భూమిని వేడెక్కించే ప్రభావము సుమారు 40 శాతము తగ్గుతుంది. మనకు ఎండ ఉచితము, తీగె పెరటిలోనే ఉన్నది. ఈ విషయములో మనము ధనవంతులమే.

కడకు మేము మధ్యమార్గము పట్టాము. పగలు గుడ్డలు, రాత్రికి ఒక డైపరు. ఆదివారము ఆరాధనకు వెళ్లేటప్పుడు మరొకటి. మూడు గంటలు చాపమీద కూర్చోవాలి కదా, ప్రక్కవారి చీరెలు కూడ చూడాలి. శ్రావణములో ముసురు పట్టి ఏదీ ఆరనప్పుడును, వేసవిలో కాలువలు కట్టివేసి నీటికి కరువైనప్పుడును ఇంకొన్ని ఎక్కువ వాడుతాము. పాత నూలుచీరలు, మా అబ్బాయి బనియన్లు చించి 24 గుడ్డలు కుట్టాను. బనియను గుడ్డ చాలా మెత్తన. మలినమైనవాటిని ముందు చన్నీళ్లలో జాడించి, తరువాత వేడినీళ్లలో సబ్బుతో ఉతుకుతాము. సువాసన ద్రావణాలు వాడము, వాటివలన గుడ్డ తడి పీల్చదు.

ఉతుకుడు సంగతి అడుగుతారేమో. పగటి గుడ్డలు నావి. సాయంకాలము మిగిలినవి మా అబ్బాయివి. మొదట సిగ్గుపడి చీకటిపడ్డాకనే బకెట్టు ముట్టేవాడు. ఇప్పుడు దారినపోయేవారితో కబుర్లు చెప్పుచునే ఉతుకుతున్నాడు. ఇది లేకపోతే మా కోడలు గుడ్డలకు ఒప్పుకొనేది కాదు. ఒప్పుకోకపోయినా నేను తప్పుపట్టను.

తడి తెలుస్తున్నది గనుక కాబోలు, ఈ మధ్య పిల్ల తానే గుడ్డ లాగి "నాన్నమ్మా" అని పిలుస్తున్నది. నిద్ర లేవగానే, అన్నము తిన్న తరువాత కూర్చోబెట్టుట అలవాటు చేస్తున్నాము. పోయిన నెలలో డైపర్లు 38తో సరిపోయినవి. మా చిన్నమ్మాయికి సంక్రాంతికి కానుపు. మంచిగా ఉన్న గుడ్డలు ఉడకబెట్టి, ఎండలో ఆరవేసి, ఆమెకోసము మూటకట్టి ఉంచాను.