హెచ్.ఆర్.లో తొలి ఏడాది

పెద్ద కంపెనీలో హెచ్.ఆర్. కొలువు చాలావరకు మేనేజ్‌మెంట్ ట్రైనీగా మొదలవుతుంది. 1936లో పుట్టిన ముంబై టిస్, 1949 నాటి జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ వంటి చోట్ల చదివినవారిని కంపెనీలు క్యాంపస్‌లోనే ఎంచుకుంటాయి. తర్వాత నియామకాలు, జీతాలు, శిక్షణ విభాగాల్లో కొన్నాళ్లు తిప్పుతారు.

ఫ్యాక్టరీలో గడిపే నెలలే అసలు చదువు. 500 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. మన దేశంలో ఈ వృత్తికి వేళ్లు అలాంటి చోట్లే ఉన్నాయి. క్యాంటీన్ పప్పు మీద ఫిర్యాదు, షిఫ్టు మార్పు మీద పేచీ, యూనియన్‌తో మాటలు అన్నీ అక్కడే ఎదురవుతాయి. తండ్రి వయసున్న మనిషి సెలవు చీటీ మీద కాదని చెప్పాల్సి రావడం నిజంగా కష్టం.

చిన్నదనిపించే పనే ఒక్కోసారి పెద్దది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పి.ఎఫ్. ఖాతాలో పొడి అక్షరంగా ఉంటే, కూతురి పెళ్లికని పెట్టిన క్లెయిము తిరిగొచ్చే ప్రమాదముంది. తెలుగువారికి ఈ చిక్కు కొత్త కాదు. జాయింట్ డిక్లరేషన్ దగ్గరుండి నింపించి, పేరు సరయ్యేదాకా వెంటపడే ట్రైనీ మీదే కార్మికులకు గురి కుదురుతుంది. శిక్షణ ముగిశాక పనితీరు చూసి ఒక యూనిట్‌కు ఖాయం చేస్తారు.