గండి వెంట పోయే నీరు

మాట విలువ మాట పోయిన ఇంటివారికే తెలుస్తుంది. మూడేళ్ల క్రితం మా అబ్బాజాన్‌కు పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమభాగంలో రక్తప్రసరణ ఆగి కొంత కణజాలం నశించింది. ప్రాణం దక్కింది కాని మాట పోయింది. ఇంట్లో ఉర్దూ, పొలంలో తెలుగు మాట్లాడుతూ బ్రతికిన మనిషి నీళ్లచెంబు వైపు చేయి చూపి, దాని పేరు చెప్పలేక కన్నీరు పెట్టుకొనేవారు.

తలపై ఎలక్ట్రోడులు అమర్చి 1, 2 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును పంపే పద్ధతి ఒకటున్నదని ఆ రోజులలోనే చదివాను. దానివలన మెదడులోని చలనభాగం స్పందించే తీరు మారుతుందని 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షే, పౌలుస్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. కత్తి పెట్టనక్కరలేదు గదా అన్న ఆశతో, పక్షవాతం వచ్చిన ఆరు నెలలకు నరాల వైద్యుని ఆశ్రయించాను.

ఆయన స్కానులోని నల్లని మచ్చను చూపి, "ఇక్కడ ఇప్పుడు మెదడు లేదు, ద్రవం ఉన్నది" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. నశించిన కణజాలం కొన్ని నెలలలో కరిగిపోగా, ఆ గుంటను మస్తిష్క మేరుద్రవం నింపుతుంది. మెదడులోని బూడిదరంగు పదార్థంకంటే ఈ ద్రవంలో విద్యుత్తు సుమారు 5, 6 రెట్లు సులువుగా ప్రవహిస్తుంది. వరిచేనికి నీరు పెట్టేటప్పుడు గట్టుకు గండి పడితే, చివరి మడికి చేరవలసిన నీరు గండి వెంట పోవడం చిన్నతనంలో అబ్బాజాన్ వెంట తిరుగుతూ చూచాను. విద్యుత్తూ అంతే. గుంట లోపల విద్యుత్ క్షేత్రం బలహీనమవుతుంది. అంచులలో కొన్నిచోట్ల బలపడుతుంది. మనం ఉద్దేశించిన చోట అది తగ్గవచ్చు, పెరగనూవచ్చు. గుంట పరిమాణం, అది ఉన్న స్థానం, ప్రవాహపు దిశ దానిని నిర్ణయిస్తాయి. కనుక ఆరోగ్యవంతుని తలకు వేసిన లెక్క రోగి తలకు సరిపడదు. ఒక్కొక్క రోగి ఎం.ఆర్.ఐ. చిత్రం నుండి కంప్యూటరులో వేరువేరుగా లెక్కకట్టే పరిశోధనలు సాగుతున్నాయి.

"ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది. మాటల అభ్యాసం మాత్రం మానకండి" అన్నారు డాక్టరుగారు. మానలేదు. మరి నాలుగు నెలలకు ఒక సాయంత్రం అబ్బాజాన్ చెంబు చూపి "పానీ" అన్నారు. వారం తరువాత "నీళ్లు" అన్నారు.

విద్యార్థి మిత్రులారా! ఒకే పాఠాన్ని అందరికీ ఒకే తీరున చెప్పి, అందుకోలేనివారిని తప్పుపట్టడం నాకు అలవాటుగా ఉండేది. నేను పంపినది ఎక్కడికి చేరుతున్నదో ఇప్పుడు ముందుగా చూచుకొంటున్నాను.