అబూ సింబెల్ నుంచి అమ్మమ్మకి వీడియో కాల్

డిసెంబర్ సెలవుల్లో ఈజిప్ట్ వెళ్లాం. నాన్న పనిచేసేది కువైట్‌లో, అక్కడి నుంచి దగ్గరే కదా అని ప్లాన్ చేశారు. పిరమిడ్ల గురించి ఇక్కడ రాయను. ఆ ఫోటోలన్నీ ఇన్‌స్టాలో చూసే ఉంటారు.

అస్వాన్ నుంచి అబూ సింబెల్‌కి తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. మూడు గంటలకు పైగా ఇసుక తప్ప ఏమీ లేదట (నేను నిద్రపోయాను, అమ్మ చెప్పింది). దిగి కొండ చుట్టూ తిరిగి ముందుకు రాగానే నాలుగు రామ్సెస్ విగ్రహాలు, ఒక్కొక్కటి దాదాపు 20 మీటర్లు. ఒకదానికి నడుము పైభాగం లేదు. ఎప్పుడో పూర్వం భూకంపానికి విరిగిపడిన తల ఇప్పటికీ కాళ్ల దగ్గరే ఉంది.

అసలు షాక్ ఏంటంటే ఆ గుడి మొదట ఉన్న చోటు అది కాదు! అస్వాన్ హై డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని, 1964 నుంచి 1968 వరకు యునెస్కో ఆధ్వర్యంలో గుడిని రంపాలతో కోసి, వెయ్యికి పైగా ముక్కలు చేసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి తెచ్చి మళ్లీ పేర్చారు. మా సీఎస్ఈ వాళ్ల భాషలో కట్-పేస్ట్. విరిగిన తలని కూడా బాగుచేయకుండా, పడినచోట ఎలా ఉందో అలాగే పెట్టారు. నేను చాలాసేపు అతుకుల కోసమే వెతికాను.

ఆ ఉత్సాహంలో అమ్మమ్మకి కాల్ చేశాను. వాళ్ల ఊరు కూడవెల్లి దగ్గర, కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో పోయింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం ఇలాగే విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఇదంతా నాకు తెలుసు గానీ ఆమెను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

మొత్తం విని, "గుడిని తెచ్చిన్రు సరే నాయనా, ఊరోళ్లు ఏడికి పోయిన్రు?" అంది.

గైడ్‌ని అడిగాను. దాదాపు 50 వేల మంది నూబియన్లు ఊళ్లు ఖాళీ చేసి, నైలుకి దూరంగా కోమ్ ఓంబో వైపు వెళ్లాల్సి వచ్చిందన్నాడు. అదే అమ్మమ్మకి చెప్పాను.

"మాకు లారీ వచ్చింది. మంచాలు, తిరగలి ఎక్కించినం. రోలు బరువని ఎక్కనియ్యలే. ఆడ్నే ఉంది."

కొండంత గుడిని మోశారని అప్పటిదాకా గొప్పగా చెప్పినవాణ్ణి, ఇక ఏమనాలో తెలియలేదు.

"ఆ బొమ్మలు చాలు గానీ, నీళ్లు చూపియ్యి."

ఫోన్ వెనక్కి, నాసర్ సరస్సు వైపు తిప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మన దానికంటే పెద్దదే" అంది.